ఎడమ మూల అరిగిన కుంచె

ఆరో కుంచె దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

మొదటి ఐదూ కడుగుతున్నంతసేపూ ఒంటినిండా కోపమే తప్ప భయం లేదు. అటక మీద, పాత టార్పాలిన్ కింద, పేపర్లో చుట్టి పైన దారం కూడా కట్టి ఉన్న కట్ట అది. బకెట్ కోసం తడుముతుంటే చేతికి తగిలింది. విప్పితే పన్నెండు కుంచెలు. ఫ్యాక్టరీ పొగగొట్టం మీద పేరు రాసే పని ఒప్పుకున్నప్పుడు, మూడు వారాల కిందట, ఆయన కొత్తగా కొన్నవాటిలోవే. ఇప్పుడు ఒక్కొక్కటీ బిర్రబిగుసుకుపోయి ఉంది. "పని దగ్గరే కడిగేసుకుంటాలే, ఈ వయసులో ఆ థిన్నర్ కంపు నీకెందుకు" అని ఆయన అంటే తను ఎంత మురిసిపోయింది. పెళ్లైన ఇరవై ఏడేళ్లకి మొగుడికి పెళ్లాం మీద జాలి పుట్టిందని పై వాటాలో ఉండే టైలరమ్మకి చెప్పుకుంది కూడా. "జాలి కాదక్కా, ఏదో తప్పు చేసుంటాడు" అని టైలరమ్మ నవ్వింది. ఏం జాలి. కొసలు తళతళలాడుతున్నాయి, మొదళ్లలో నల్లరంగు రాయైపోయింది. పైన పటారం, లోన లొటారం. సాయంత్రం రానీ చెబుతా అనుకుంటూ పెరట్లో కుళాయి దగ్గర పీట వేసుకుని, మూడు డబ్బాలు వరసగా పెట్టుకుని కూర్చుంది.

మొదటి డబ్బాలో మురికి థిన్నర్, రెండో దాంట్లో ఓ మోస్తరుది, మూడో దాంట్లో కొత్తది. ఇవాళ్టి మూడోది రేపటికి రెండోదవుతుంది, ఎల్లుండికి మొదటిదవుతుంది. అత్తగారు నేర్పిన పద్ధతి. కాపురానికొచ్చిన మొదటి వారం ఆవిడ కోడల్ని వంటింట్లోకి రానివ్వలేదు, ఈ పీట మీదే కూర్చోబెట్టింది. "కూర పాడైతే ఒక పూట పస్తు. కుంచె పాడైతే నెలంతా పస్తు. ముందు ఇది నేర్చుకో" అంది. ముందు పేపర్ మీద తుడవాలి. తర్వాత డబ్బాలో ముంచి అంచుకి నొక్కాలి, అంట్లు తోమినట్టు రుద్దకూడదు. మొదలునుంచి కొసకి దువ్వెనతో దువ్వాలి, పసిపిల్ల జడ చిక్కు తీసినట్టు, లాగకుండా. చివర్న అరచేతిలో సబ్బు వేసుకుని, నురగలో రంగు కనబడనంతవరకూ తిప్పాలి. ఆ పైన వేళ్లతో వెంట్రుకల కుచ్చుకి ఆకారం తెచ్చి పేపర్లో చుట్టి పడుకోబెట్టాలి. కుచ్చు మీద నిలబెట్టిన కుంచె నడుం విరిగిన మనిషితో సమానం. ఇవన్నీ ఆరు నెలల్లో చేతులకి వచ్చేశాయి గానీ, అత్తగారి అసలు విద్య వేరు. ఆవిడ కుంచెని చూసి మనిషిని చెప్పేది. "ఇవాళ మీ మావయ్యకి ఎవడితోనో గొడవైంది. చూడు, వెంట్రుకలు ఎలా విచ్చుకున్నాయో. రంగు వెయ్యలేదు, గోడని పొడిచాడు." ఇంకో రోజు, "మధ్యాహ్నం తాగాడు. పిడి మీద ఎక్కడిదాకా ఎక్కిందో చూడు రంగు." మావగారు కాళ్లు కడుక్కుని లోపలికొచ్చేలోపు ఆయన రోజంతా ఇంట్లో తెలిసిపోయేది. "నువ్వు పోలీసుల్లో చేరాల్సిందే, మా ఖర్మకొద్దీ ఇక్కడ పడ్డావు" అని ఆయన గొణుక్కునేవాడు. ఆ విద్య తనకీ అబ్బింది. అబ్బకపోయినా బాగుండేది.

ఆరోది రెండంగుళాల వెడల్పు కుంచె. పిడి మీద గంటు ఉంది. కొత్త కుంచె కొనగానే ఆయన చేసే మొదటి పని అదే, చాకుతో పిడికి ఒక పక్క చిన్న గంటు పెట్టడం. బొటనవేలు ఎప్పుడూ ఆ గంటు మీదే ఉండాలి, కుంచె ఎప్పుడూ ఒకే వైపు గోడకి తగలాలి, అప్పుడే కుచ్చు పనివాడి చేతికి తగ్గట్టు అరుగుతుంది. గంటు పైకి వచ్చేలా పెట్టి చూస్తే ఆయన కుంచె ఎప్పుడూ కుడి మూల అరుగుతుంది. ఇన్నేళ్ల సాయంత్రాల్లో ఆమె వేళ్లు ఆ వాలుకి ఎంతగా అలవాటు పడ్డాయంటే, చీకట్లో ఇచ్చినా ఇది ఆయన కుంచె అని చెప్పేస్తాయి. ఇప్పుడు నురగలో కుచ్చుకి ఆకారం తెస్తుంటే వేళ్లు అలవాటుగా కుడికి జారబోయి, అక్కడ వాలు లేక తడబడ్డాయి. కుళాయి కింద పెట్టి చూసింది. కుడి మూల కొత్తదానిలా నిండుగా ఉంది. ఎడమ మూల అరిగింది. తిరగేసి పట్టుకున్నాడేమో అనుకుంది. కాదు, గంటులో నల్లగా బొటనవేలి ముద్ర ఉంది. ఏడోది తీసింది, ఎడమే. ఎనిమిదోది, ఎడమే. కోపంలో సరిగ్గా చూసుకోకుండా కడిగి పక్కన పెట్టిన ఐదూ మళ్లీ తీసింది. పన్నెండు కుంచెలూ కూడబలుక్కుని వచ్చిన సాక్షుల్లా ఒకే మాట చెబుతున్నాయి. మూడు వారాలుగా వీటిని పట్టుకున్నది ఎడమ చెయ్యి. ఆయన కుంచె ఇంకొకరు ముట్టరు. పెయింటర్లకి అదొక పట్టింపు. కన్నతండ్రి ఒకసారి అడిగితే బజారుకెళ్లి కొత్తది కొనిచ్చాడు గానీ చేతిలోది ఇవ్వలేదు. అంటే ఆయనే. ఆయనే ఎడమ చేత్తో రాస్తున్నాడు. మరి కుడి చెయ్యి ఏమైంది?

ఆ ప్రశ్న కోసమే గుమ్మం బయట కాచుకుని కూర్చున్నట్టు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చేశాయి అన్నీ. బొత్తాల చొక్కాలు మానేసి తలమీంచి తొడుక్కునే టీషర్టులు మొదలుపెట్టాడు, కుర్రాడవుదామనా అని తను ఎగతాళి చేసింది, "నీ పక్కన ముసలాడిలా కనబడుతున్నానని" అన్నాడు, ఇద్దరూ నవ్వుకున్నారు. రోజూ ఇంట్లో గీసుకునే గడ్డానికి బార్బర్ షాపుకి వెళ్తున్నాడు. టీ గ్లాసు రెండుసార్లు జారింది, "ఈ గ్లాసుకి నేనంటే పడదు" అన్నాడు. అన్నం తినేటప్పుడు ఎడమ చేతిలోకి చెంచా వచ్చింది. కుడి చేతిలో టీవీ రిమోట్ ఉంది కదా అని ఆమె పట్టించుకోలేదు. ఆ రిమోట్ మీద ఒక్క మీటా నొక్కగా చూడలేదని ఇప్పుడు తడుతోంది. అమ్మాయి హాస్టల్ ఫారం మీద తండ్రి సంతకం కావాలంటే, "తల్లిదైనా చాలంట, నువ్వే పెట్టు, నీ సంతకం ముత్యాల్లా ఉంటుంది" అన్నాడు. ఊళ్లో సగం బోర్డులు రాసిన మనిషి. ఆ పొగడ్తకి తను సిగ్గుపడి మరీ పెట్టింది. ఆ సిగ్గు తలచుకుంటే ఇప్పుడు చెంపలు మండుతున్నాయి. తెల్లవారుజామున మంచం అంచున కూర్చుని, తడిబట్ట విదిలించినట్టు ఆ చేతిని విదిలించేవాడు. తిమ్మిరి, పడుకో, అనేవాడు. పడుకుంది. దిండు కింద ఏదో నొప్పుల మందు ట్యూబు, చివరిదాకా పిండేసి, చుట్టచుట్టి ఉంటే చెత్తలో పారేసింది కూడా. అన్నీ చూసింది. అన్నిటికీ నవ్వింది, లేకపోతే పడుకుంది. కుంచెని చూసి మనిషిని చెప్పే విద్య తనదని గొప్ప. కుంచెలు దాచేసేసరికి ఎదురుగా మనిషి కూర్చుని ఉన్నా చదవలేకపోయింది. అందుకే దాచాడు. దాచింది కుంచెల్ని కాదు, చేతిని.

వంటింటి గోడ గడియారం పదకొండుంపావు చూపిస్తోంది. పదింటికల్లా పొగగొట్టం మీద మంచు తడి ఆరిపోతుంది, అప్పుడెక్కుతాడు. మళ్లీ దిగేది ఒంటిగంటకి. ఈ నిమిషంలో ఆయన పైనే ఉన్నాడు. కిందటేడు ఇంకో పొగగొట్టం మీద రాస్తున్నప్పుడు ఒకసారి టిఫిన్ డబ్బా తీసుకెళ్లి చూసింది, తల వెనక్కి వాల్చి చూస్తే మెడ నొప్పెట్టింది, పైన ఆయన గోడకి అంటుకున్న ఈగలా ఉన్నాడు. పైన గిలక, దాని మీంచి తాడు. ఒక కొసకి చెక్క పలక, పలక మీద మనిషి. రెండో కొస కింద మరిది చేతిలో. అంతే, ఇంకేం లేదు. నడుముకి బెల్టు ఉంటుంది గానీ అది కట్టేది పలకకే, పలక పడితే పలకతోపాటే. పైవాడు రెండుసార్లు తాడు గుంజితే కిందవాడు జానెడు జానెడుగా జార్చి, మళ్లీ నేలలో పాతిన ఇనుప గుంజకి మూడు చుట్లు చుట్టి ముడి వేస్తాడు. ముడి పడేదాకా పైవాడి ప్రాణం కిందవాడి గుప్పిట్లో. ఆ విషయంలో భయం లేదు, మరిది పాతికేళ్లుగా అన్నకి తాడు పడుతున్నాడు, పెళ్లి చేసుకోమంటే "తాడు వదిలితే కదొదినా తాళి కట్టేది" అంటాడు. భయం పైన. గాలి కొడితే పలక తిరుగుతుంది. తిరిగినప్పుడు ఎడమ చేతిలో కుంచె ఉంటే కుడి చేత్తో తాడు పట్టుకోవాలి. బెల్టు కొక్కెం కుడి పక్కన ఉంటుంది. డబ్బా జారితే కుడి చెయ్యే పోతుంది ముందు, ముప్పై ఏళ్ల అలవాటు, అది పని చెయ్యదని చేతికి తెలియదుగా, అది వెళ్లి పట్టుకోబోతుంది, పట్టు దొరకదు, వెనకే ఒళ్లు. ఆమె కళ్లు మూసుకుంది. మూసుకుంటే ఇంకా బాగా కనబడింది.

చిలక అని ఒకడుండేవాడు. ఎప్పుడూ ఆకుపచ్చ చొక్కా, ఆపకుండా వాగుడు. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. మావగారి జట్టులో అందరికన్నా చిన్నవాడు. నీళ్ల ట్యాంకు మీంచి పడ్డాడు. ఎలా పడ్డాడో ఎవరూ చూడలేదు, చప్పుడు మాత్రం విన్నారు. ఆ సాయంత్రం మావగారి సంచిలో ఆయనది కాని కుంచె ఒకటి తడిగా వచ్చింది. అత్తగారు దాన్ని కోడలి చేతిలో పెట్టింది. "వాడిది. ఎండకముందే కడిగెయ్. పడ్డవాడి కుంచె ఆ పూటే కడగాలి, మన ఇంట్లో ఎండకూడదు." ఎందుకని అడగలేదు. తెల్లరంగు. నురగా తెలుపే, రంగూ తెలుపే, పోయిందో లేదో తెలియలేదు, ఎక్కడ ఆపాలో తెలియక సబ్బుబిళ్ల సగమయ్యేదాకా కడుగుతూనే ఉంది, అత్తగారు వచ్చి కుళాయి కట్టేసేదాకా. ఇప్పుడు తన చేతిలోకి చూసుకుంది. పన్నెండోది. ఎప్పుడు తీసిందో, సబ్బు ఎప్పుడు రాసిందో, వేళ్లు వాటంతట అవే తిప్పుతున్నాయి, నురగ బూడిదరంగులోంచి తెలుపులోకి మారుతోంది. ఏం చేస్తున్నావే నువ్వు, ఎవరి కుంచె కడుగుతున్నావు, ఏ పూట కడుగుతున్నావు? కుంచె చేతిలోంచి విదిలించి పారేసింది. అది వెళ్లి మూడో డబ్బాకి తగిలింది, మంచి థిన్నరంతా గచ్చు మీద పారింది.

"ఏంటక్కా, ఏం పడింది?" పై వాటా కిటికీలోంచి టైలరమ్మ. పెదాల మధ్య గుండుసూది ఉన్నట్టుంది, మాట ముద్దగా వచ్చింది.

"ఏం లేదు. డబ్బా."

"మీ ఆయన్ని అడుగుదామనుకుంటున్నా, చెయ్యేమైంది? నిన్న మెట్ల దగ్గర సంచి నాకిచ్చి, ఎడం చేత్తో తాళం తీశాడు. తియ్యడానికి ఐదు నిమిషాలు పట్టింది. నేను తీస్తానంటే, తాళం కొత్తది కదమ్మా, బిడియపడుతోంది అన్నాడు."

తాళం పదేళ్ల నాటిది. "అవును, కొత్తదే" అంది ఆమె.

వీధికి కూడా తెలుసు. తాళానికి తెలుసు, గ్లాసుకి తెలుసు. గదిలోకి పరిగెత్తి ఫోను తీసింది. తీసి, నిలబడిపోయింది. తాడు మీదున్న మనిషితో మాట్లాడకూడదు. ఇంట్లో పుట్టి పెరిగిన నియమం అది, పసిపిల్లలకి కూడా తెలుసు. పనివేళల్లో ఇంటినుంచి ఫోను వెళ్లదు. పైకెక్కేవాడి ఫోను కింద సంచిలో ఉంటుంది, కిందవాడిది జేబులో. చెప్పాలంటే మరిదికే చెప్పాలి. ఏమని? మీ అన్నయ్య కుడిచెయ్యి పడిపోయింది, వెంటనే దించెయ్ అనా? వాడు గుండెలో ఏదీ దాచుకోలేడు, అన్నయ్యా అని కేక పెడతాడు, పైనున్నవాడు ఉలిక్కిపడతాడు. కేకకి ఉలిక్కిపడి పడ్డవాళ్ల కథలు చిలక కథకన్నా ఎక్కువున్నాయి. కేక వెయ్యకుండా దించాడే అనుకో, తర్వాత? ఒక్కసారి ఆ మాట బయటపడితే ఆయన్ని మళ్లీ ఎవరూ తాడెక్కనివ్వరు. ఆయన దగ్గర ఉన్నది ఆ చెయ్యొక్కటే. బజార్లో వెళ్తుంటే తను రాసిన బోర్డుల్ని పిల్లల్ని చూసుకున్నట్టు చూసుకునే మనిషిని తీసుకొచ్చి ఇంట్లో కూర్చోబెట్టాలి, తన నోటితో. ఒంటిగంటదాకా ఆగితే? దిగాక, అన్నం తిన్నాక, ఇద్దరే ఉన్నప్పుడు మెల్లగా అడిగితే? మూడు వారాలు ఏమీ కాలేదు, ఇంకో గంటన్నరలో ఏమవుతుంది? ఏమవుతుందో చెప్పినట్టు కిటికీ తలుపు గాలికి టపామని కొట్టుకుంది. పొద్దుట్నుంచీ ఉన్న గాలేనా ఇది, ఇప్పుడే లేచిందా? నేల మీదే ఇంత గాలుంటే ఆ ఎత్తున ఎంతుంటుంది? ఆయన్ని బతికించుకుంటే ఆయన పని చచ్చిపోతుంది. పనిని బతకనిస్తే... పరువూ వద్దు, పనీ వద్దు, బోర్డులన్నీ తుడిచిపెట్టుకుపోయినా ఫర్వాలేదు, మనిషి మంచం మీద కూర్చుని తనని తిట్టినా చాలు. మరిది నంబరు నొక్కింది.

మోగింది. మరిది రెండో మోతకల్లా ఎత్తుతాడు, "చెప్పొదినా" అంటాడు, ఆ రెండు మాటలూ కలిసిపోయి ఒకే మాటలా వినిపిస్తాయి. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. జార్చే పనిలో ఉన్నాడేమో, ముడి వేసి ఎత్తుతాడు. ఎత్తలేదు. మూడోసారి. ఇంతసేపు ఎవరూ జార్చరు. ముడి వెయ్యడానికి ఇంతసేపు పట్టదు. తాడు వదిలేసి ఎక్కడికి పోతాడు, పోడు, వాడు మూత్రానికి కూడా అన్న దిగాకే వెళ్తాడు. మరి ఎందుకు ఎత్తడు? పరిగెడుతున్నాడు కాబట్టి. మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు కాబట్టి. చుట్టూ జనం మూగి ఉన్నారు, ఎవరో నీళ్లు తెమ్మంటున్నారు, జేబులో ఫోను మోగుతుంటే దాని మీద వదిన పేరు చూసి ఎత్తడానికి ధైర్యం చాలడం లేదు. ఆమె గోడకి ఆనుకుంది. అరచేతుల్లో థిన్నర్ మంట. ఫ్యాక్టరీకి వెళ్లాలంటే రెండు బస్సులు మారాలి, గంట పడుతుంది, గంట తర్వాత వెళ్లి ఏం చూస్తుంది? ఆయన నంబరు నొక్కింది. ఎత్తడని తెలుసు. సంచిలో మోగుతుంది. మోగితే పక్కనున్నవాడెవడైనా, వాచ్‌మనో, దారిన పోయేవాడో, తీసి ఏదో ఒకటి చెబుతాడు. ఏదో ఒకటి.

మూడో మోతకి ఎత్తారు.

"ఏమైంది? అమ్మాయికేమైనా అయిందా?"

ఆయన గొంతు. సాక్షాత్తూ ఆయనే, పనివేళ ఫోనొచ్చిందని కంగారుపడుతూ, కొంచెం ఆయాసంతో. ఆమె అలాగే గోడ వెంట జారి నేల మీద కూర్చుంది. ఆయన కిందే ఉన్నాడు. కాళ్లు నేల మీద ఉన్నాయి. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి తన్నుకొచ్చాయి, రెంటిలో ఏది ముందు వదలాలో తెలియక పైటచెంగు నోట్లో కుక్కుకుంది.

"మాట్లాడవేం? నా గుండె ఆగేలా ఉంది."

"అమ్మాయి బాగానే ఉంది. మీరు... మీరు కిందే ఉన్నారా?"

"కింద కాకపోతే ఆకాశంలో ఉంటానా. తొందరగా చెప్పు, పనిలో ఉన్నా."

"మరి పైనెవరు?"

"చిన్నోడు" అన్నాడు. "మొదట్నుంచీ వాడే రాస్తున్నాడు. ఎన్నాళ్లని తాడు పడతాడు పాపం, వాడికీ చేతిలో విద్య ఉండాలి. ఇంటికొచ్చి చెబుదామనుకున్నాలే. బాగా తిరుగుతోంది వాడి చెయ్యి, నాన్న చూస్తే..."

చిన్నోడు. మరిది. ఎడమచేతి వాటం మనిషి. ఆ సంగతి ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజునుంచీ తెలుసు, తెలిసి ఏం లాభం, కుంచె పట్టని మనిషి వాటంతో ఎవరికేం పని? కుంచెలు అబద్ధం చెప్పలేదు. కన్నతండ్రికివ్వని కుంచెని ఆయన తమ్ముడి చేతిలో పెట్టాడు. అందుకా దాచాడు, తను చూస్తే వేలిముద్ర చూసినట్టు పట్టేస్తుందని. చెయ్యి పోయిందని తెలిశాక ఎవరికీ చెప్పకుండా విద్యని ఇంట్లోనే ఉంచే దారి వెతుక్కున్నాడు. ఒక్క క్షణం, ఊపిరి తీసి వదిలేంతసేపు, ఆమెకు ఆయన మీద ఎంత ప్రేమ కలిగిందంటే కళ్లు తిరిగాయి. అంతలోనే ఆ ఊపిరి సగంలో ఆగిపోయింది. పైన చిన్నోడుంటే కింద తాడు ఎవరు పట్టుకున్నారు?

"తాడు గుంజకి కట్టే ఉందా?" అంది. తన గొంతు తనకే కొత్తగా, చాలా మామూలుగా వినిపించింది.

"పట్టుకునే ఉన్నా."

"ముడి వేశారా?"

"అడుగడుక్కీ దించాలే, ఈ అక్షరానికి వంకరలెక్కువ. ఊరికే ముడెందుకు? ఒక చుట్టుంది. పట్టుకునే ఉన్నా అంటున్నాగా."

బొత్తం పెట్టుకోలేని వేళ్లు. తాళంచెవి తిప్పలేని వేళ్లు. ముడి ఎందుకు వెయ్యలేదో ఆమెకు తెలుసు. మూడు వారాలుగా రోజూ, పొద్దుట పదింటినుంచి ఒంటిగంటదాకా, ముడి లేకుండా, ఒక్క చుట్టు మీద, ఒక్క మంచి చేత్తో. ఆ మంచి చెయ్యి తాడు మీద ఉన్నంతసేపూ ఫర్వాలేదు. ఇంటినుంచి ఎప్పుడూ రాని ఫోను వచ్చేదాకా ఫర్వాలేదు.

"ఏమండీ," అంది, "ఫోను ఏ చేత్తో పట్టుకున్నారు?"

అవతల గాలి హోరు. ఎక్కడో పైన గిలక ఒకసారి కిర్రుమంది.

"ఎడం చేత్తో" అన్నాడు. ఆ మాట బయటికొచ్చాక తనే మొదటిసారి విన్నట్టు ఆగిపోయాడు.

"ఫోన్ పడెయ్" అంది ఆమె. గట్టిగా అనలేదు. ఇరవై ఏడేళ్లలో ఎన్నడూ వదలని 'అండీ' వదిలేసిందని కూడా తెలియలేదు.

చెవిలో టప్పున చప్పుడు. మట్టిలో పడినట్టుంది, కట్ కాలేదు. ఆమె రెండో చెవి అరచేత్తో మూసుకుంది, కళ్లు మూసుకుంది, ఊపిరి బిగబట్టింది. చెప్పులు నేలని రాచుకున్నాయి. ఎవరో బరువెత్తుతున్నట్టు మూలిగారు. ఆ తర్వాత గిలక అరిచింది, ఆగకుండా, పొడుగ్గా, ఈలలా, అది తిరుగుతోంది, ఆపకుండా తిరుగుతోంది, జానెడు జానెడుగా జార్చేటప్పుడు గిలక అలా అరవదు, ఆమెకు ఇంకేమీ లేదు లోకంలో, ఆ చప్పుడు ఒక్కటే, దేవుడా ఆగు, ఆగు, చిన్నోడా ఏదైనా పట్టుకో, గోడనైనా పట్టుకో నాయనా. ఆగింది. చప్పున ఆగింది. పైనుంచి ఒక కేక, మాటలు తెలియలేదు. కింద బుసలు కొడుతున్నట్టు ఊపిరి. ఇనుప గుంజ మీద తాడు ఒరుసుకుంది, ఒక చుట్టు, నిదానంగా ఇంకో చుట్టు. ఆమె వేలు మడిచింది. మూడో చుట్టు. తర్వాత కిర్రుమని కొంచెం, ఆగి మళ్లీ కొంచెం. జానెడు. ఇంకో జానెడు. ఒక్కో కిర్రుకీ ఆమె చిటికెడు ఊపిరి వదిలింది. ఎన్ని జానలో తెలియదు, పై వాటాలో కుట్టుమిషన్ మొదలై ఆగింది, మళ్లీ మొదలైంది. చివరికి చెక్క నేలకి తగిలిన చప్పుడు, బెల్టు కొక్కెం విప్పిన చప్పుడు.

"ఏంటన్నయ్యా, అక్షరం సగంలో ఉంటే దించేశావ్?" దూరంగా, కోపంగా, అచ్చంగా బతికున్న మనిషి గొంతు. "పైన తాడు జారిందా ఏంటి, నా ప్రాణాలు పోయాయనుకో. రంగంతా కారిపోయింది, రేపు మళ్లీ..." గొంతు దగ్గరికొచ్చింది, వస్తూనే మారిపోయింది. "అన్నయ్యా. ఆ చెయ్యేంటి? రక్తం. అరచెయ్యంతా కోసుకుపోయింది, తాడుతోనా? ఇలా చూడనీ. అయ్యో, ఎముక దాకా... నొప్పిగా లేదా?"



"లేదురా" అన్నాడు. "రెండు నెలల్నుంచీ ఏమీ తెలియట్లేదు."